సైదమ్మ చెప్పింది పొద్దుమీకి అనే

సైదమ్మ చనిపోయింది. పాపకు టిఫిన్ డబ్బా సర్దుతుండగా ఫోను మోగింది. ఆమె కోడలు రేణుక. "అక్కా, అత్త లేస్తలేదు" అంది. "గట్టిగా లేపు" అన్నాను. "లేపిన అక్కా. సల్లగైంది" అంది. ఆ మాట విన్నాక నాకు మొదట వచ్చిన ఆలోచనను దాచకుండా రాస్తున్నాను. అప్పీలులో వాదనలకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి, ఈలోపు ఎట్లా పోయింది ఈమె, అనుకున్నాను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు కోపమే వచ్చింది, అదీ ఆమె మీదే. తెలిస్తే మెచ్చుకునేది. ఆమె లెక్కలో కన్నీళ్లకంటే కోపమే పనికొచ్చే వస్తువు.

మన బార్ సంచికలో ఈ పేజీ దివంగతులైన న్యాయవాదులకు కేటాయించినది. వడ్ల మిల్లులో కల్లం ఊడ్చిన కూలి మనిషికి ఇందులో చోటేమిటని ఇద్దరు సభ్యులు అడిగారట. ఆరేళ్లపాటు ఆమె మన కోర్టు వరండాలో కూర్చుంది. మనలో చాలామంది కంటే ఎక్కువ వాయిదాలకు హాజరైంది. ఒక్కసారి కూడా గడువు కోరలేదు. ఈ అర్హత చాలుననుకుంటాను. "సైదమ్మ గారు" అని రాయడం మర్యాద. అయితే ఆమెను నేను అవ్వా అనే పిలిచేదాన్ని. గారు అంటే ఎవరినో పిలుస్తున్నానని వెనక్కి తిరిగి చూసేది. అందుకని గారు లేకుండానే రాస్తాను.

కేతేపల్లి వైపు ఒక చిన్న పల్లె ఆమె పుట్టినూరు. పెళ్లయ్యాక హుజూర్‌నగర్ ప్రాంతానికి వచ్చింది. భర్త తొందరగానే పోయాడు. ఒక్కడే కొడుకు, జానయ్య. తల్లీకొడుకులిద్దరూ ఒకే మిల్లులో పని చేసేవారు. ఆమె కల్లం ఊడ్చేది, అతను యంత్రాల దగ్గర ఉండేవాడు. ధాన్యాన్ని పైకి తోడే బెల్టు కింద ఒక గుంత ఉంటుంది. అందులో గింజలు ఇరుక్కుంటే మనిషి దిగి తీయాలి. జానయ్య దిగాడు. మనిషి లోపల ఉండగానే బెల్టు నడిపారు. నడపమన్నది మిల్లు యజమాని అని సైదమ్మ మాట. పదడుగుల దూరంలో చీపురు పట్టుకుని నిలబడి చెవులారా విన్నానని ఆమె మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకే తీరుగా చెప్పింది. ఆ రోజు పొద్దున పనివేళ మొదలవుతుండగా జానయ్య ఎవరికీ చెప్పకుండా దిగాడని, ఆ సమయంలో యజమాని ఊళ్లోనే లేడని, శవాన్ని సాయంత్రం గాని చూడలేదని మిల్లు వాళ్ల మాట. మిగతా కూలీలు ఏమీ చూడలేదన్నారు. బెల్టు మీట నొక్కినవాడు ఊరు విడిచి పోయాడు. కాబట్టి కేసంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. జానయ్య చనిపోయింది పొద్దుననా, సాయంత్రమా?

ఆమె నా దగ్గరికి వచ్చిన నాటికి నేను నల్లకోటు వేసుకుని ఏడాది. పాపకు ఐదు నెలలు. కిరాయి గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఊయల. ఆమె గుమ్మంలో నిలబడి ముందు నన్ను చూసింది, తర్వాత ఊయలను చూసింది.

"నువ్వేనా వకీలువు?"

"నేనే. కూర్చో అవ్వా."

"పిల్లతల్లివి. నువ్వేం కొట్లాడుతవ్?"

"కొట్లాడుత గని, నన్నెట్ల వెతుక్కుంటూ వచ్చినవ్?"

"ఎతుక్కుంట రాలే బిడ్డా. అందర్ని అడిగిన. కొందరు మిల్లు దిక్కున్నరు, కొందరు రామన్నరు. ఇగ ఎవ్వరు మిగలకపోతే నీ తాన్కి వచ్చిన."

ఇంత నిజాయితీగా నన్ను ఎంచుకున్న కక్షిదారు మళ్లీ దొరకలేదు. నేను కాగితాలు చదువుతుంటే పాప ఏడ్చింది. ఆమె అడగకుండానే ఎత్తుకుని భుజాన వేసుకుంది. పాప ఊరుకుంది. "ఏడుపు ఆపుడు నాకొస్తది. కేసు నీకొస్తదో రాదో సూద్దాం" అంది.

మొదటి నెలల్లో ఆమెకు నేను చాలా నీతులు చెప్పాను. మనం కోరుతున్నది న్యాయం, పగ కాదు అన్నాను. లా కాలేజీలో నేర్చుకున్న వాక్యం అది. ఆమె తాపీగా విని, "న్యాయం నీకు గావాలె, ఫీజు తీసుకున్నవ్ గనక. నాకు పగే గావాలె" అంది. అట్లా అనకూడదు అవ్వా అన్నాను. "ఎందుకనొద్దు? గాడు నా కొడుకును గుంతల ఉంచి బెల్టు నడిపిచ్చిండు. గాని మీద నాకు దయ ఉండాల్నా? ఒక్క రాత్రి గాడు లోపట పండాలె. సత్తు పళ్లెంల తినాలె. పొద్దుగాల లేసి ఎవడో పిలిస్తే వంగి నిలవడాలె. అది సూసి సస్త" అంది. రాజీ కబురు తెచ్చిన పెద్దమనిషితోనూ గొంతు పెంచకుండా ఇదే చెప్పింది. "ఏం గావాల్నో నువ్వే చెప్పు సైదమ్మా" అని అతనంటే, "కోర్టుల నిలవడి 'నేనే నడపమన్న' అనమను. గంతే. గా ఒక్క మాటకు పైస ఖర్చు లేదు" అంది. అతను చాయ్ తాగకుండానే లేచి వెళ్లాడు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి రావాలి. సంస్మరణలో రాసేవారి తప్పులకు చోటుండదు. కాని ఈ తప్పు లేకుండా ఆమె గుణం చెప్పలేను.

ఆమె సాక్ష్యం చెప్పిన రోజు నేను ప్రభుత్వ వకీలు వెనక కుర్చీలో ఉన్నాను. పక్కన కూర్చుని సాయం చేసే అనుమతే తప్ప, నోరు తెరిచే హక్కు నాకు పెద్దగా లేదు. ఆమె బోనెక్కి, "పొద్దుమీకి నేను కల్లం ఊడుస్తున్న. సేటు గుంత కాడ నిలవడ్డడు. 'ఆన్ చెయ్ రా, లారీలు ఆగినయ్' అన్నడు" అని చెప్పింది. పొద్దుమీకి అంటే పొద్దుగూకే వేళ, సాయంత్రం. మా వైపు పశువులు ఇంటికి వచ్చే వేళకు అదే మాట. మెజిస్ట్రేటు గారు మంచివారు, కాని వేరే ప్రాంతం నుంచి వచ్చినవారు. ఆ మాటలో ఆయనకు పొద్దు ఒక్కటే వినిపించింది. "ఉదయం వేళ నేను కల్లం ఊడుస్తుండగా" అని ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించారు. ప్రభుత్వ వకీలు గారు ఇంకో ఫైలు తిరగేస్తున్నారు.

నేను విన్నాను. ఆమె అన్నదీ విన్నాను, ఆయన రాయించిందీ విన్నాను. నాది కొత్తకోట. మా అవ్వ రోజూ వాడిన మాట అది. హైదరాబాదులో చదివేటప్పుడు హాస్టలులో ఆ మాటకు నన్ను ఎంత ఏడిపించారంటే, దాన్ని నా నోట్లోంచి తీసేయడానికి ఐదేళ్లు కష్టపడ్డాను. ఆ క్షణంలో లేచి, అయ్యా, అది ఉదయం కాదు, అని నిండు కోర్టులో చెప్పాలంటే నాకు సిగ్గేసింది. జడ్జికి తెలియదా, టైపు చేసేవారికి తెలియదా, తర్వాత సరిచేస్తారులే అనుకున్నాను. సరిచేయలేదు. చదివి వినిపించామని కాగితం చివర రాశారు, ఆమె వేలిముద్ర వేసింది.

అవతలి పక్షాన వాదించిన మన సీనియర్ గారు ఆమెను క్రాస్ చేశారు. చీపురు ఎంత పొడుగని అడిగారు, చూపు ఆనుతుందా అని అడిగారు. సమయం గురించి మాత్రం ఒక్క ప్రశ్న వేయలేదు. ఆయనది మన జిల్లానే. ఆ మాట ఆయనింట్లోనూ ఉంది. ఆయనకు అర్థమైంది కాబట్టే అడగలేదు. పేరు రాయను. ఈ సంచికను ఆయన మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు.

తర్వాత పెళ్లి ఫొటోలు వచ్చాయి. ఆ రోజు ఉదయం యజమాని మా కొత్తకోటలోనే ఒక పెళ్లిలో ఉన్నాడు. ముహూర్తానికి అక్షింతలు వేస్తున్న ఫొటో నిజమే, అబద్ధం కాదు. మధ్యాహ్నం భోజనం చేసి కారెక్కితే పొద్దుగూకే లోపు మిల్లుకు చేరవచ్చు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఎందుకంటే కాగితం మీద సాయంత్రం అనే మాటే లేదు. తల్లి తన నోటితోనే ఉదయమని చెప్పింది గనక, ఉదయం యజమాని కొత్తకోటలో ఉన్నాడు గనక, ఆమె మాట నమ్మదగినది కాదని కేసు కొట్టేశారు. తీర్పు విని యజమాని మెట్లు దిగుతూ సైదమ్మ వైపు చూసి చేతులు జోడించాడు. ఆ దండాన్ని ఆమె మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

వారం తర్వాత తీర్పు ప్రతి వచ్చింది. క్యాంటీన్ పక్కన అరుగు మీద కూర్చుని, "సదువు" అంది. సారాంశం చెప్పబోయాను. "గట్ల గాదు. మొత్తం సదువు. ఇడిసిపెట్టకు" అంది. ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ చదివాను. మూడో పేజీలో "ఉదయం" అనగానే చెయ్యెత్తింది.

"ఆగు. పొద్దుగాల అని నేనెప్పుడన్న?"

"నువ్వు అనలేదవ్వా. వాళ్లు గట్ల రాసుకున్నరు."

"నేను పొద్దుమీకి అన్న. నువ్వు ఆడనే ఉంటివి. ఇనలేదా?"

"విన్నా."

"ఇని?"

నేను పేజీ తిప్పబోయాను. ఆమె నా మొహం చూసింది. బోనులో ఉన్న మనిషిని చదవడం మనకంటే ఆమెకే బాగా తెలుసు.

"సిగ్గయ్యిందా?"

తల ఊపాను.

"నీ సిగ్గు సల్లగుండ" అంది. అంతే. లేచి చీర కుచ్చెళ్లు దులుపుకుని బస్టాండు వైపు నడిచింది. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఇక రాదనుకున్నాను. మూడో రోజు పొద్దున్నే గుమ్మంలో ఉంది. "పై కోర్టు ఉంటదంట గద. కాయితం రాయి. ఈపారి సిగ్గువడ్డవంటే నీ కోటు గుంజుకపోత" అంది. బాధితులు కూడా అప్పీలు చేసుకోవచ్చని చట్టం ఇచ్చిన అవకాశాన్ని ఆమెకు నేను చెప్పలేదు. వరండాలో పక్కన కూర్చున్న వాళ్లను అడిగి తెలుసుకుని వచ్చింది.

అప్పీలుకు కోర్టులో నెంబరు పడిన నెలకు, పాప బడి గేటు దగ్గర నాకు తెలియని ఒకతను బండి ఆపి, "పాప బాగుందా మేడం? ఎల్‌కేజీనా? ఈ గేటు కాడ లారీలు జోరుగ పోతయ్, జర పైలం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పాపను ఎత్తుకుని ఇంటికి నడిచాను. అప్పుడూ ఇప్పుడూ నేను ధైర్యవంతురాలిని కాను. ఈ పేజీ రాస్తూ కూడా రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను. మర్నాడు సైదమ్మను పిలిచి, ఫైలు ఇచ్చేస్తాను, ఇంకో వకీలును చూసుకో, నాకు పిల్ల ముఖ్యం అన్నాను. ఆమె వాదించలేదు. "పిల్లే ముఖ్యం. సరే బిడ్డా. ఫైలు నీ తాననే ఉండనీ, జర సోంచాయించు" అని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం బడికి వెళ్తే గేటు పక్కన ఆమె కూర్చుని ఉంది. ఒళ్లో కందికాయల మూట, వొలుచుకుంటోంది. ఎందుకొచ్చావంటే, "ఏం, ఈ జాగ మీ అయ్యదా?" అంది. మర్నాడూ ఉంది, ఆ తర్వాతా ఉంది. పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. కాపలా ఉండే మనిషి, "ముసల్దానా, నా నౌకరి గుంజుకుంటవా ఏంది?" అని ఎకసెక్కం చేస్తే, "నీకు కండ్లు గనవడుతలేవని పెట్టిండ్రు నన్ను" అనేది. తొమ్మిదో రోజు ఆ బండివాడు వచ్చాడు. ఆమె కందికాయలు పక్కన పెట్టి లేచి, తిన్నగా వెళ్లి బండి తాళం చెవి తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఏయ్ అవ్వా, ఏందిది?"

"ఏం లేదు నాయినా. మీ సేటు తాన్కి నడుసుకుంట పో. సైదమ్మ గేటు కాడ కూసున్నదని చెప్పు. ఒక కొడుకును మింగిండు, ఇంకో తల్లి పిల్ల దిక్కు సూస్తే కండ్లు పీకి కాకులకేస్తదని చెప్పు. తాళం రేపు బళ్లె పెద్దసారు తాన తీస్కో."

బడి వదిలే వేళకు పిల్లల కోసం వచ్చిన తల్లులంతా నిలబడి చూస్తున్నారు. అతను నిజంగానే బండి తోసుకుంటూ వెళ్లాడు. మళ్లీ ఆ గేటు దగ్గర కనబడలేదు. సైదమ్మ మాత్రం వాయిదా లేని రోజుల్లో వస్తూనే ఉంది. నేను ఫైలు ఇచ్చేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

పై కోర్టు ఆమె సాక్ష్యాన్ని మళ్లీ నమోదు చేయడానికి అనుమతించింది. ఈసారి జడ్జి గారు, సాక్షి వాడిన మాటను వాడినట్టే తెలుగు అక్షరాల్లో రాయమన్నారు. మన సీనియర్ గారు క్రాస్‌కు లేచారు. ఆ సంభాషణ విన్నవారు మనలో పదిమందైనా ఉన్నారు.

"అమ్మా, పొద్దు అంటే ఏమిటి?"

"సూర్యుడు సారూ."

"పొద్దుగాల అన్నా పొద్దే, పొద్దుమీకి అన్నా పొద్దే. నువ్వు చెప్పింది ఉదయమే కావచ్చు కదా?"

"సారూ, సిన్నప్పుడు మీరు బైట ఆడుకుంటుంటే మీ అమ్మ ఏమని పిలిచేది? 'పొద్దుమీకింది, ఇంటికి రా బిడ్డా' అనకపోయేదా? గప్పుడు మీరు సద్ది తినెటోల్లా, బువ్వ తిని పండెటోల్లా?"

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జి గారు కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. సీనియర్ గారు కూర్చున్నారు. బోను దిగి నా పక్కకు వచ్చి ఆమె అన్న మాట మాత్రం ఎవరికీ వినబడలేదు: "వాళ్లమ్మను యాది చేసిన. పాపం, ఆమె మంచిదే అయ్యుంటది."

ఇక తీర్పు వస్తుందని, అతను లోపల పండుకుంటాడని, ఆమె చూస్తుందని ఇద్దరమూ నమ్మాం. ఆ నమ్మకంలో ఉండగా ఆమె గుండె ఆగింది.

ఆమెను మట్టిలో పెట్టిన మూడో రోజు కోర్టుకు వెళ్లాను. సీనియర్ గారు మెట్ల మీద ఎదురై, "ముసలమ్మ పోయిందట గద. పాపం. ఓం శాంతి" అన్నారు. అదే చేత్తో ఒక కాగితం ఇచ్చారు. అప్పీలుదారు మరణించింది గనక అప్పీలు కూడా ఆమెతోనే ముగిసిపోయింది, కొట్టివేయాలని మెమో. నిలబడే చదివాను. ఆరేళ్లు ఆమెతో నడిచినా నాకు పగ అంటే ఏమిటో తెలియలేదు. ఆ మెట్ల మీద తెలిసింది. అది అరుపు కాదు, వణుకు కాదు. చాలా స్పష్టంగా, చల్లగా, పనికి వచ్చే విధంగా ఉంటుంది. చట్టం పుస్తకంలో సరైన పేజీ దానంతటదే తెరుచుకుంటుంది.

రేణుక దగ్గరికి వెళ్లాను. ఆరేళ్లలో ఆమె కోర్టుకు రాలేదు. అత్త రానివ్వలేదు. "అత్త ఇడిసిన పని నేను వట్టుకుంట అక్కా. గాని నాకు మాట్లాడరాదు" అంది. మాట్లాడాల్సిందంతా మీ అత్త మాట్లాడి పోయింది, నువ్వు సంతకం పెడితే చాలు అన్నాను. జానయ్య భార్యగా, సైదమ్మ వారసురాలిగా ఆమెను అప్పీలులో చేర్చాలని పిటిషను వేశాను. సీనియర్ గారు గంటసేపు వ్యతిరేకించారు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఒక్క మాటకు కూడా సిగ్గుపడలేదు. నిన్న ఉత్తర్వు వచ్చింది. పిటిషను అనుమతించారు. అప్పీలు బతికింది.

ఆమె లాంటి కక్షిదారు నాకు మళ్లీ రాదు. నా తప్పును మొహాన కొట్టి, మళ్లీ నా చేతికే ఫైలు ఇచ్చే మనిషి దొరకదు. వరండాలో ఆమె కూర్చునే స్తంభం దగ్గర ఇప్పుడు ఎవరో జిరాక్సులు పట్టుకుని కూర్చుంటున్నారు. అటు చూడకుండా నడవడం అలవాటు చేసుకుంటున్నాను. పాప మాత్రం బడి గేటు దగ్గర రోజూ ఆగి, "అవ్వేది?" అంటుంది. చెయ్యి పట్టుకుని లోపలికి నడిపిస్తాను.

మిల్లు యజమాని గారికి ఒక్క మాట. ఈ సంచిక మీకు అందుతుంది, అందించేవారు ఉన్నారు. ఆమె పోయిందని మీరు ఊపిరి పీల్చుకున్నట్టు విన్నాను. కోర్టు పద్ధతి మీకు తెలియదు కాబోలు. వారసులు చేరినప్పుడు చనిపోయినవారి పేరు కాగితం మీద నుంచి తీసేయరు. పక్కన "మృతి" అని రాసి, పేరును పైనే ఉంచి, వారసుల పేరు కింద చేరుస్తారు. నిన్న మధ్యాహ్నం ఆ సవరణ నా చేత్తోనే చేశాను. వచ్చే సోమవారం కోర్టు బంట్రోతు తలుపు దగ్గర నిలబడి ముందు ఆమె పేరే పిలుస్తాడు. ఆ తర్వాత మీ పేరు పిలుస్తాడు. మీరు లేచి నిలబడాలి.